ఋణసంఖ్యల గుణకారము: చెప్పు కారణములు, చెప్పని కారణములు

ఏడవ తరగతి గణితములో ఒక పాఠము ఉన్నది. ఆ పాఠము వచ్చువరకు పిల్లలు లెక్కకు కారణము అడుగుచుందురు. అది దాటిన పిమ్మట చాలామంది అడుగుట మానుకొందురు. అది ఋణసంఖ్యను ఋణసంఖ్యతో గుణించు పాఠము. రెండును మూడుతో గుణించిన ఆరు వచ్చునని పిల్లవాడు చింతగింజలు పేర్చి తెలిసికొనగలడు. ఋణ రెండును మూడుతో గుణించిన ఋణ ఆరు వచ్చునన్నచో కొంచెము ఆలోచించి ఒప్పుకొనును. కాని ఋణ రెండును ఋణ మూడుతో గుణించినప్పుడు ధన ఆరు ఎందుకు రావలెను? రెండు లోటులు కలిసి మిగులుగా ఎట్లు మారును? ఈ ప్రశ్నకు తరగతిలో దొరకు సమాధానము తరచుగా ఒక్కటే: సూత్రము అది, కంఠస్థము చేయవలెను.

సూత్రము తప్పు కాదు. కాని కారణము లేని సూత్రమును ఒప్పుకొన్న పిల్లవాడు ఆనాడు ఒక్క సూత్రమునే నేర్చుకొనడు. గణితము ఆజ్ఞల సమూహమని కూడ నేర్చుకొనును. పన్నెండేండ్ల వయస్సులో పడిన ఆ అభిప్రాయము తరువాత వచ్చు బీజగణితమునకు, భౌతికశాస్త్రమునకు అంతటికిని అంటుకొనును. అందుచేత ఈ చిన్న సూత్రము వెనుకనున్న విషయము చిన్నది కాదు.

కారణము చెప్పువారు లేకపోలేదు. శత్రువునకు శత్రువు మిత్రుడు గదా అని ఒకరు, అప్పు కొట్టివేసినచో లాభము గదా అని ఒకరు, అంకెల వరుస చూడుమని మరియొకరు చెప్పుదురు. ఇవి అన్నియు ఒకే విలువ గలవి కావు. కొన్ని జవాబును గుర్తుపెట్టుకొనుటకు మాత్రమే పనికివచ్చును. కొన్ని నమ్మకము కలిగించును. నిరూపించునవి బహు కొద్ది. వీటిని వేరు చేయుటకు మూడు ప్రశ్నలు చాలును. గుణింపబడు సంఖ్యకు, గుణించు సంఖ్యకు, రెండింటికిని ఆ వివరణలో అర్థము ఉన్నదా? కూడికకు గుణకారమునకు గల భేదమును ఆ వివరణ చూపునా? వేరొక జవాబు రాకూడదని అది చెప్పగలదా, లేక ముందే తెలిసిన జవాబును సమర్థించుటతో సరిపెట్టుకొనునా?

పేరులోనే ఉన్న అప్పు

తెలుగు విద్యార్థికి ఒక సౌకర్యము, దానితోపాటు ఒక ఇబ్బంది, రెండును ఆ సంఖ్యల పేరులోనే ఉన్నవి. ధనము అనగా సొమ్ము, ఋణము అనగా అప్పు. ఈ పేర్లు ఈనాటివి కావు. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు తన బ్రాహ్మస్ఫుట సిద్ధాంతములో ధనము, ఋణము, శూన్యము అను మూటికిని కూడిక, తీసివేత, గుణకార నియమములను వరుసగా చెప్పెను. ఋణమును ఋణముతో గుణించిన ధనము, ధనమును ఋణముతో గుణించిన ఋణము, శూన్యముతో దేనిని గుణించినను శూన్యము అని అందు స్పష్టముగా ఉన్నది. 9వ శతాబ్దిలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు గణితసార సంగ్రహములో ఈ నియమములనే చెప్పి, ఋణసంఖ్యకు వర్గమూలము లేదని కూడ చేర్చెను. రెండు ఋణముల లబ్ధము ధనమే అగునని ఒప్పుకొన్నవానికి ఈ రెండవ మాట దానంతటదే వచ్చును: ధనమునకైనను ఋణమునకైనను వర్గము ధనమే గనుక, ఏ సంఖ్య వర్గమును ఋణము కాజాలదు. ఈ గ్రంథమును ఆధారము చేసికొనియే పావులూరి మల్లన తెలుగులో గణితగ్రంథము రచించెను. సంస్కృత మూలమును రంగాచార్యులు ఆంగ్లానువాదముతో 1912లో మద్రాసులో ప్రకటించిరి.

ఈ ప్రాచీన గ్రంథములు సూత్రప్రాయములు. సూత్రము శ్లోకములో, కారణము గురువు నోట అన్నది ఆనాటి పద్ధతి. శ్లోకము మిగిలినది, గురువు నోటి మాట మిగులలేదు. ఈ లోటును తీర్చ యత్నించినవారిలో 1600 ప్రాంతమున భాస్కరాచార్యుని బీజగణితమునకు బీజపల్లవము అను వ్యాఖ్య వ్రాసిన కృష్ణ దైవజ్ఞుడు ముఖ్యుడు. ఋణత్వము మూడు విధములని అతడు వివరించెను: దేశమును బట్టి, కాలమును బట్టి, వస్తువును బట్టి. కాశికి తూర్పున ఉన్న పాట్నాను, పడమర ఉన్న ప్రయాగను చూపి, ఒక దిక్కు దూరము ధనమైనచో ఎదుటి దిక్కు దూరము ఋణమగునని చెప్పెను. అప్పు అనునది ఋణత్వములో ఒక్క రకము మాత్రమే అన్నమాట. ఈ సంగతి మరచి ఋణము అన్నంతనే అప్పు అనుకొనుటవలననే తరువాతి చిక్కులలో సగము పుట్టినవి.

శత్రువునకు శత్రువు

ముందుగా అన్నిటికంటె ప్రచారములో ఉన్న వివరణ. శత్రువునకు శత్రువు మిత్రుడు. భాషలో కూడ ఇట్టి ప్రయోగము ఉన్నది. డబ్బు లేకపోలేదు అన్నచో ఉన్నదనియే అర్థము. రెండు లేదులు కలిసి ఒక ఉన్నది అయినది. కనుక రెండు ఋణములు కలిసి ధనమగును అని చెప్పుదురు.

ఇది మొదటి ప్రశ్నలోనే తప్పును. ఇందులో గుణింపబడునది ఏది? గుణించునది ఏది? రెండు మూళ్ళు ఆరు అను పరిమాణము ఈ సామెతలో ఎక్కడను లేదు. రెండవ ప్రశ్నలో ఇంకను ఘోరముగా తప్పును. రెండు ఋణములు కలిసి ధనమగుననుటయే న్యాయమైనచో, కూడికలో కూడ అట్లే కావలెను గదా? ఋణ రెండు, ఋణ మూడు కూడినప్పుడు ధన అయిదు రావలెను. రెండు రూపాయల అప్పు ఉన్నవాడు మరి మూడు రూపాయలు అప్పు తెచ్చుకొన్నచో అయిదు రూపాయల ఆస్తిపరుడు కావలెను.

ఇది పరిహాసమునకు చెప్పుట కాదు. −2 − 3 ఎంత అన్నచో 5 అని వ్రాయు విద్యార్థులు కళాశాల తరగతులలో కూడ కనిపింతురు. వారిని అడిగినచో మైనస్ మైనస్ ప్లస్ అని చెప్పుదురు. వారు సూత్రమును మరచిపోలేదు. బాగుగా గుర్తుపెట్టుకొనిరి, కాని అది గుణకారమునకు చెందినదన్న సంగతి వారికి ఎవ్వరును కారణముతో చెప్పలేదు. సామెత జ్ఞాపకమునకు ఊతకర్ర కావచ్చును. దానిని కారణముగా చెప్పుట మాత్రము అపకారము.

ప్రొద్దుటూరు పద్దు పుస్తకము

రెండవ వివరణ అప్పుల లెక్క. బంగారు అంగళ్ళకు, బట్టల వ్యాపారమునకు పేరు పొందిన ప్రొద్దుటూరులో జమ, ఖర్చు, బాకీ అను మాటలు తెలియని పిల్లలు అరుదు. వారికి ఋణసంఖ్యను చూపుటకు పద్దు పుస్తకముకంటె దగ్గరి వస్తువు లేదు. నిల్వ నూరు ఉన్నచో +100, బాకీ నూరు ఉన్నచో −100. కూడికకును తీసివేతకును ఇది చక్కగా సరిపోవును. గుణకారము వచ్చునప్పటికి జాగ్రత్త కావలెను.

ఫ్రెంచి నవలాకారుడు స్టెంఢాల్ గ్రెనోబుల్ పట్టణములో బాలుడుగా ఉన్నప్పుడు ఈ విషయమై తన గురువులను అడిగి విసిగిపోయిన సంగతిని తన స్వీయచరిత్రలో వ్రాసికొన్నాడు. ఆ గ్రంథము అతడు మరణించిన పిమ్మట 1890లో వెలువడినది. ఋణసంఖ్యలు అప్పులైనచో, పదివేల ఫ్రాంకుల అప్పును అయిదువందల ఫ్రాంకుల అప్పుతో గుణించినప్పుడు యాభై లక్షల ఫ్రాంకుల ఐశ్వర్యము ఎట్లు వచ్చుననునది అతని సందేహము. గురువులు సూత్రము చెప్పిరి, కారణము చెప్పలేదు.

స్టెంఢాల్ సందేహములో ఒక తప్పు ఉన్నది, కాని అది ఋణచిహ్నములో లేదు. అప్పును అప్పుతో గుణించుట అను పనియే లేదు. పదివేల రూపాయల ఆస్తిని అయిదువందల రూపాయల ఆస్తితో మాత్రము ఎవరు గుణింపగలరు? రూపాయలను రూపాయలతో గుణించినచో వచ్చునది రూపాయలు కావు. గుణకారములో ఒక సంఖ్య సొమ్మైనచో రెండవది ఎన్ని మారులు అను సంఖ్య కావలెను. ఈ భేదమును ఆ బాలునికి చూపియున్నచో అతడు సగము దారి నడచియుండును.

పద్దు పుస్తకములో సరియైన లెక్క ఇది. ఒక వ్యాపారి పేర 200 రూపాయల బాకీ చీట్లు కొన్ని ఉన్నవి. చీటి ఒక్కటికి విలువ −200. మరి మూడు చీట్లు చేరినచో అతని స్థితిలో మార్పు (+3) × (−200) = −600. అట్లు కాక, ఇచ్చినవాడు మూడు చీట్లు చించివేసినచో? చేరుట ధనమైనచో తొలగుట ఋణము. (−3) × (−200). ఆ వ్యాపారి చేతికి ఒక్క రూపాయియు రాలేదు. అయినను అతని స్థితి 600 రూపాయలు మెరుగుపడినది. మార్పు +600.

ఈ వివరణ మొదటి రెండు ప్రశ్నలకు నిలుచును. గుణ్యము చీటి విలువ, గుణకము చేరిన లేక తొలగిన చీట్ల లెక్క. కూడికతో కలిసిపోవు భయము లేదు. కాని ఇందులో రెండు సంఖ్యలును ఒక రకమువి కావు. ఒకటి సొమ్ము, మరియొకటి లెక్క. ఋణ మూడు అనగా మూడు మారులు తొలగించుట అని ఒప్పుకొన్నంతవరకే దీని బలము. ఆ అర్థమే ఎందుకు ఇయ్యవలెనని తెలివిగల పిల్లవాడు అడిగినచో పద్దు పుస్తకము జవాబు చెప్పలేదు.

జమ్మలమడుగు రోడ్డు మీద

కృష్ణ దైవజ్ఞుడు చెప్పిన దేశము, కాలము అను రెండు ఋణత్వములను ఒకే లెక్కలో కలిపినచో ఇంకను మంచి వివరణ వచ్చును. జమ్మలమడుగు నుండి పులివెందులకు పోవు రోడ్డు మీద ముద్దనూరు ఉన్నది. ముద్దనూరును శూన్యముగా పెట్టుకొనవలెను. ఉత్తరమున జమ్మలమడుగు వైపు దూరము ధనము, దక్షిణమున పులివెందుల వైపు దూరము ఋణము. జమ్మలమడుగు ముద్దనూరునకు సుమారు 20 కిలోమీటర్లు, అనగా +20. బస్సు ముద్దనూరులో ఉన్న క్షణము కాలమునకు శూన్యము. తరువాతి కాలము ధనము, ముందటి కాలము ఋణము. బస్సు గంటకు 40 కిలోమీటర్ల సమవేగముతో, ఎక్కడను ఆగక పోవుచున్నదనుకొనవచ్చును.

బస్సు జమ్మలమడుగు వైపు పోవుచున్నచో వేగము +40. ముద్దనూరు దాటిన అరగంటకు అది ఎక్కడ ఉండును? (+40) × (+½) = +20. జమ్మలమడుగు చేరియుండును.

ఆ బస్సే ముద్దనూరు చేరుటకు అరగంట ముందు ఎక్కడ ఉన్నది? (+40) × (−½) = −20. పులివెందుల వైపు 20 కిలోమీటర్ల దూరమున ఉన్నది.

బస్సు పులివెందుల వైపు పోవుచున్నచో వేగము −40. అరగంట తరువాత (−40) × (+½) = −20. పులివెందుల వైపు 20 కిలోమీటర్ల దూరమున ఉండును.

పులివెందుల వైపు పోవు ఈ బస్సు ముద్దనూరు చేరుటకు అరగంట ముందు ఎక్కడ ఉన్నది? సూత్రము తెలియని పల్లెటూరి ముసలమ్మ కూడ జమ్మలమడుగులో ఉన్నదని చెప్పును. జమ్మలమడుగు +20. కనుక (−40) × (−½) = +20.

ఇందులో సూత్రము ఎవ్వరును ముందు చెప్పలేదు. బస్సు ఎక్కడ ఉన్నదో లోకజ్ఞానము చెప్పినది, చిహ్నము దాని వెంట వచ్చినది. రెండు సంఖ్యలకును స్వంత అర్థము ఉన్నది. చీట్లలో కుదరని భిన్నములు కూడ ఇందులో సులభముగా కుదురును. ఋణకాలమనగా గడచిన కాలమని తెలిసికొన్న పిల్లవానికి ఇంకొక లాభము కూడ కలుగును. ఆంగ్ల గణితజ్ఞుడు ఆగస్టస్ డి మోర్గాన్ 1806లో మన మదురైలో పుట్టినవాడు. ఆయన 1831లో వ్రాసిన పుస్తకములో ఒక లెక్క ఇచ్చెను: తండ్రికి 56 ఏండ్లు, కుమారునికి 29 ఏండ్లు, తండ్రి వయస్సు కుమారుని వయస్సునకు రెట్టింపు ఎప్పుడు అగును? లెక్క చేసినచో ఋణ 2 వచ్చును. ఎప్పుడు అగును అని అడుగక ఎప్పుడు అయినది అని అడుగవలసినది: రెండేండ్ల క్రిందట తండ్రికి 54, కుమారునికి 27. ఋణచిహ్నము తప్పును చూపలేదు, ప్రశ్నలోని దిక్కును సరిదిద్దినది.

పులివెందుల బోరు: ఒకే నీరు, రెండు కొలతలు

రోడ్డు లెక్కకంటె ఒక అడుగు ముందుకు తీసికొనిపోవు ఉదాహరణము పులివెందుల ప్రాంతమున ప్రతి చీనీ తోటలోను, అరటి తోటలోను ఉన్నది. అది బోరు. వర్షము తక్కువైన ఆ నేలలో బోరులో నీరు ఎంత క్రిందికి పోయినది అన్నది రైతునకు నిత్యము ఉండు ప్రశ్న. ఒక ఎండకాలములో నీటిమట్టము నెలకు 2 మీటర్ల చొప్పున దిగుచున్నదనుకొనవచ్చును. మూడు నెలల క్రిందట నీరు ఎక్కడ ఉన్నది? ఇప్పటికంటె 6 మీటర్లు పైన. ఇందులో ఎవ్వరికిని సందేహము లేదు.

ఈ లెక్కను ఇద్దరు రెండు విధముల వ్రాయవచ్చును. ఒకడు లోతును కొలుచును. లోతు నెలకు 2 మీటర్లు పెరుగుచున్నది, కనుక +2. మూడు నెలల క్రిందట, −3. (+2) × (−3) = −6. అనగా ఆనాటి లోతు ఇప్పటికంటె 6 మీటర్లు తక్కువ. ఇంకొకడు నీటిమట్టము ఎత్తును కొలుచును. ఎత్తు నెలకు 2 మీటర్లు తగ్గుచున్నది, కనుక −2. కాలము అదే −3. ఆనాటి ఎత్తు ఇప్పటికంటె 6 మీటర్లు ఎక్కువ, అనగా +6. కనుక (−2) × (−3) = +6.

బోరు ఒక్కటే, నీరు ఒక్కటే. మారినది కొలత దిక్కు మాత్రమే. కొలత దిక్కు తిరుగవేసినచో వేగము చిహ్నము మారును, జవాబు చిహ్నమును మారును. నీరు మాత్రము కదలదు. కనుక ధన రెండును ఋణ మూడుతో గుణించిన ఋణ ఆరు అని ఒప్పుకొన్నవాడు, ఋణ రెండును ఋణ మూడుతో గుణించిన ధన ఆరు అని ఒప్పుకొనక తప్పదు. ఒప్పుకొననిచో ఇద్దరు రైతులు ఒకే బోరులో రెండు నీళ్ళు చూచినట్లగును. చిహ్నము వస్తువులో లేదు, కొలుచువాడు ఎన్నుకొన్న దిక్కులో ఉన్నది. ఋణసంఖ్యల పాఠములో ఇంతకంటె ముఖ్యమైన వాక్యము లేదు. తరచుగా చెప్పకుండ దాటవేయు వాక్యమును ఇదియే.

ఈ ఉదాహరణకు ఒక హద్దు ఉన్నది. నిజమైన బోరులో నీరు ప్రతి నెల ఒకే లెక్కన దిగదు. వర్షము కురిసి చెరువు నిండినచో మట్టము పైకి వచ్చును. తోటలకు నీరు ఎక్కువగా తోడినచో త్వరగా దిగును. అట్టి మాసములకు ఈ గుణకారము వర్తింపదు. అప్పుడు తప్పునది సమవేగము అను ఊహ, చిహ్నముల సూత్రము కాదు. ఉపాధ్యాయుడు ఈ మాట విద్యార్థులకు చెప్పుట మంచిది. గణితము ఎంతవరకు నిశ్చయము, లోకమునకు దానిని అన్వయించుట ఎక్కడ ఊహ అను వివేకము చిన్ననాడే అలవడును.

అంకెల వరుస

పాఠ్యపుస్తకములలో ఎక్కువగా కనిపించునది వరుస పద్ధతి.

3 × (−2) = −6
2 × (−2) = −4
1 × (−2) = −2
0 × (−2) = 0

ఎడమవైపు అంకె ఒక్కొక్కటి తగ్గుచున్నది, లబ్ధము రెండేసి పెరుగుచున్నది. ఇదే వరుసలో పోయినచో (−1) × (−2) = 2, (−2) × (−2) = 4. చూచుటకు అందముగా ఉన్నది. పిల్లలకు నమ్మకమును కలిగించును.

కాని నమ్మకము వేరు, నిరూపణ వేరు. వరుస సాగుననుటకు ఆధారమేమి? ఒక వృత్తము మీద బిందువులు పెట్టి, ప్రతి రెండు బిందువులను సరళరేఖతో కలిపినచో, వృత్తము ఎక్కువలో ఎక్కువ ఎన్ని భాగములుగా తెగును? ఒక బిందువునకు 1, రెండింటికి 2, మూడింటికి 4, నాలుగింటికి 8, అయిదింటికి 16. ఆరు బిందువులకు 32 అని ఎవరైనను చెప్పుదురు. కాని వచ్చునది 31. అందమైన వరుసలు కూడ తెగుచుండును. శూన్యము దాటిన పిమ్మట మన గుణకారపు వరుస తెగదనుటకు వేరే కారణము కావలెను. అది చెప్పకుండ వరుసను చూపి ఊరకుండు పాఠము తలుపు వరకు తెచ్చి లోనికి పిలువని ఆతిథ్యము వంటిది.

గుడ్డ ముక్కలో మిగిలిన మూల

ఆ కారణము ఎక్కడ ఉన్నదో చూపుటకు మరల ప్రొద్దుటూరు బట్టల అంగడికి పోవచ్చును. పది మూరల పొడవు, పది మూరల వెడల్పు గల ఒక గుడ్డ ఉన్నది. వైశాల్యము 100 చదరపు మూరలు. పొడవులో 2 మూరలు, వెడల్పులో 3 మూరలు కత్తిరించివేసినచో మిగులునది 8 × 7 = 56 చదరపు మూరలు. దీనినే వేరొక విధముగా లెక్కింపవచ్చును. పొడవులో పోయిన పట్టీ 2 × 10 = 20. వెడల్పులో పోయిన పట్టీ 3 × 10 = 30. నూటినుండి యాభై తీసివేసినచో 50. కాని గుడ్డ 56 ఉన్నది. ఆరు ఎక్కడనుండి వచ్చినది?

మూలలో ఉన్న 2 × 3 ముక్కను చూడవలెను. అది రెండు పట్టీలలోను ఉన్నది. లెక్కలో దానిని రెండు మారులు తీసివేసిరి, గుడ్డనుండి పోయినది మాత్రము ఒక్క మారే. అధికముగా తీసిన 6 తిరిగి ఇయ్యవలెను. కనుక,

(10 − 2) × (10 − 3) = 100 − 30 − 20 + 6 = 56.

(−2) × (−3) అను పదము +6 గాక −6 అయినచో గుడ్డ 44 అగును. సున్న అయినచో 50 అగును. మూర కర్ర పట్టుకొని కొలిచినచో 56 తప్ప మరియొకటి రాదు. తీసివేయబడినదానిని తీసివేయబడినదానితో గుణించిన మిగులు వచ్చునని గ్రీకు గణితజ్ఞుడు డయోఫాంటస్ కూడ చెప్పియుండెను. అతనికి విడి ఋణసంఖ్యలతో పని లేదు. ఇట్టి లెక్కలకే ఆ నియమము అతనికి అవసరమైనది.

ఇక్కడ పనిచేయుచున్నది విభాగ న్యాయము. మొత్తమును గుణించినను, భాగములను వేరువేరుగా గుణించి కూడినను ఒకటే అనునది దాని సారము. ధనసంఖ్యలలో దీనిని ఎవ్వరును కాదనరు. ఋణసంఖ్యలకు కూడ ఇది చెల్లవలెనని కోరినచో మిగిలినది మూడు వరుసలలో తేలును. 3 + (−3) = 0. కనుక (−2) × [3 + (−3)] = 0. విడదీసినచో (−2) × 3, (−2) × (−3) ఈ రెండింటి మొత్తము సున్న. మొదటిది −6 అని తెలిసినదే. −6కు ఏది కూడిన సున్న అగును? +6 ఒక్కటే. వేరొక జవాబునకు చోటు లేదు. వరుస పద్ధతిలో ప్రతి మెట్టునకు రెండేసి ఎందుకు పెరుగుచున్నదో, శూన్యము దాటినను ఎందుకు తెగదో చెప్పునదియు ఈ న్యాయమే.

అయిలర్ వంటి మహాగణితజ్ఞుడు కూడ 1770లో వెలువడిన తన బీజగణితములో ఈ విషయమున తేలికగా దాటిపోయెను. ఋణమును ఋణముతో గుణించిన లబ్ధము ధనమో ఋణమో అగును, ఋణమును ధనముతో గుణించినప్పుడు ఋణము ఇదివరకే వచ్చినది, అదే జవాబు మరల రాకూడదు, కనుక ధనమే అని ఆయన వాదము. లబ్ధము పరిమాణము మారదని, సందేహము చిహ్నమునందే అని ముందే అనుకొనుట ఇందులోని లోపము. విభాగ న్యాయము ఆ పరిమాణమును కూడ తానే తేల్చును. 1867లో జర్మను గణితజ్ఞుడు హెర్మన్ హాంకెల్ ఈ సంగతిని స్పష్టపరచెను. ధనసంఖ్యల న్యాయములు ఋణసంఖ్యలకు కూడ నిలువవలెనన్నచో చిహ్నముల సూత్రము ఇదే కావలెను.

ఇంకొక సూత్రము పెట్టుకొనగూడదా అని అడుగువానిని మందలింపనక్కరలేదు. పెట్టుకొని చూడుమనవచ్చును. (−1) × (−1) = −1 అనుకొనినచో, (−1) × [1 + (−1)] ఒకవైపు సున్న, మరియొకవైపు −1, −1 కలిసి −2. సున్న, ఋణ రెండు సమానములైనవి. ఆ దేశములో పద్దు పుస్తకము వ్రాయుట ఎవరి తరము? పిల్లవాడు స్వయముగా ఆ గోతిలో దిగి పైకి వచ్చినచో సూత్రమును మరల మరచిపోడు.

పాఠము ఏ వరుసలో ఉండవలెను

ఈ పరీక్షవలన ఒక సంగతి తేలుచున్నది. ఏ ఒక్క వివరణయు చాలదు, అన్నిటిని కలగలిపి చెప్పుటయు మంచిది కాదు. అర్థము ఇచ్చునది ముందు, నిరూపించునది తరువాత రావలెను. రోడ్డు మీది బస్సు, బోరులోని నీరు అర్థము ఇచ్చును. అంకెల వరుస ఊహను రేపును. గుడ్డ ముక్క, విభాగ న్యాయము ఆ ఊహను స్థిరపరచును. సూత్రము అన్నిటికంటె చివర, పండిన పంటవలె రావలెను. నేడు చాలా తరగతులలో అది మొదట వచ్చుచున్నది, మిగిలినవి వచ్చుటకు కాలము చాలుట లేదు. శత్రుమిత్రుల సామెతను పూర్తిగా విడుచుట మేలు. పద్దు పుస్తకమును కూడికకు, తీసివేతకు ఉంచి, గుణకారములో గుణకము లెక్క మాత్రమేయని హెచ్చరించి వాడవలెను.

పరీక్షించు పద్ధతియు మారవలెను. (−2) × (−3) ఎంత అని మాత్రమే అడిగినచో కంఠస్థము చేసినవాడును, తెలిసికొన్నవాడును 6 అనియే వ్రాయుదురు. దాని ప్రక్కనే −2 − 3 ఎంత అని, రెండింటికి జవాబు ఎందుకు వేరైనదని అడిగినచో భేదము బయటపడును. (−2) × (−3)కు సరిపోవు ఒక సంగతిని తన ఊరినుండి వ్రాయుమన్నచో ఇంకను బాగుగా బయటపడును.

ఈ సూత్రమును సందేహించిన పిల్లవానిని మందబుద్ధి అనుకొనరాదు. 1758లో ఫ్రాన్సిస్ మాజరస్, 1796లో విలియం ఫ్రెండ్ ఇంగ్లండులో ఋణసంఖ్యలను విడిగా ఒప్పుకొనుటయే కూడదని గ్రంథములు వ్రాసిరి. వారు గణితము తెలియనివారు కారు. కారణము దొరకని మాటను ఒప్పుకొననివారు. బ్రహ్మగుప్తుడు సూత్రము చెప్పిన పిమ్మట పన్నెండు శతాబ్దులకు పైగా గడచిన తరువాత హాంకెల్ కారణమును స్థిరపరచెను. ఇంత కాలము పెద్దలు వెదకిన కారణమును ఏడవ తరగతి పిల్లవాడు ఒక్క పీరియడులో అడిగినచో, అతడు అడుగవలసినదే అడిగినాడు. జవాబు ఈనాడు సిద్ధముగా ఉన్నది. ముద్దనూరు రోడ్డును, ఒక బోరును, ఒక గుడ్డ ముక్కను ఆధారముగా తీసికొని రెండు పీరియడులలో దానిని చెప్పవచ్చును. ఆ రెండు పీరియడులు మిగుల్చుకొనుటవలన కలుగు లాభము ఏమియు లేదు. వాటిని వ్యయము చేసినందువలన పిల్లవాడు ఎందుకు అని అడుగుట మానకుండును.